లైనక్స్ ఫోనుకి పనిముట్లు సర్దుకునేవాడికి

నాయనా, లైనక్స్ ఫోనుకి ప్రోగ్రాములు రాస్తానని కంప్యూటర్ సర్దుకుంటున్నావట. నోకియా మాయెమో ఓఎస్ రోజుల నుంచీ బెజవాడలో ఈ పనిలోనే ఉన్నాను కనక నాలుగు ముక్కలు.

1. నీ కంప్యూటర్‌ది ఎక్స్86 ప్రాసెసర్, ఫోనుది ఆర్మ్. చిక్కులన్నీ అక్కడే పుడతాయి. 2009లో నోకియా ఎన్900 వచ్చినప్పుడు సొంత సిస్టమ్‌కి అంటకుండా వేరుగా ఉండే స్క్రాచ్‌బాక్స్‌లో రెండు టార్గెట్లు ఉండేవి: కంప్యూటర్ కోసం ఎక్స్86, ఫోను కోసం ఆర్మెల్. మొదటిదాంట్లో కంపైల్ చేసి, 800 బై 480 జెఫిర్ విండోలో నడిపి చూసుకుని, కుదిరిందనుకున్నాక ఆర్మెల్‌కి మారి ప్యాకేజీ చేసేవాళ్లం. ఏ టార్గెట్‌లో ఉన్నామో ప్రాంప్ట్‌లోనే కనిపించేది. ఎంటర్ కొట్టేముందు ప్రాంప్ట్ చదవడం ఇప్పటికీ మంచి అలవాటే. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వాళ్ల పీఎంబూట్‌స్ట్రాప్ సీహెచ్‌రూట్‌తో, ఉబుంటు టచ్ వాళ్ల క్లిక్కబుల్ కంటైనర్‌తో చేసేదీ ఆ వేరు కాపురమే. నీ సొంత సిస్టమ్ లైబ్రరీల జోలికి దేన్నీ రానివ్వకు.

2. దింపుకున్నవన్నీ దాచు. అప్పట్లో బీఎస్ఎన్ఎల్‌లో రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా లెక్క లేకుండా వాడుకునే ప్లాన్ ఉండేది. ఎస్‌డీకేలన్నీ ఆ వేళల్లోనే దిగేవి. ఇప్పుడు వేగానికి లోటు లేదు గానీ, సర్వర్లు మూతపడతాయి. 2011లో నోకియా మీగో ఓఎస్‌ని పక్కన పెట్టింది. 2014లో రూ. 1,999 ఇంటెక్స్ ఫోనుతో మన దేశానికొచ్చిన ఫైర్‌ఫాక్స్ ఓఎస్ మీద మొజిల్లా రెండేళ్లు తిరక్కుండానే ఆశ వదులుకుంది. 2015 సంక్రాంతి రోజుల్లో శామ్‌సంగ్ జెడ్1తో వచ్చిన టైజెన్ కూడా ఫోన్లలో నిలవలేదు.

3. అందుకే ఎస్‌డీకే కన్నా క్యూటీ గట్టిగా నేర్చుకో. మీగో, సెయిల్‌ఫిష్, ఉబుంటు టచ్, ప్లాస్మా మొబైల్, అన్నిటికీ అదే పునాది.

4. తెలుగు వస్తోందో లేదో చూడ్డానికి ‘విజయవాడ’ అని కొట్టి సంబరపడకు. అందులో ఒత్తే లేదు, ఎంత నాసిరకం సిస్టమైనా చూపించేస్తుంది. ‘అవనిగడ్డ’, ‘మచిలీపట్నం’, ‘కృష్ణా’, ‘స్త్రీ’ కొట్టి చూడు. డబ్బాలొస్తే ఫాంటు లేనట్టు. అక్షరాలొచ్చినా ఒత్తు కిందికి దిగకుండా పొల్లు పక్కన నిలబడితే షేపింగ్ జరగనట్టు. షేపింగ్ చేసే హార్ఫ్‌బజ్ సంగతి చూడు. ఈ పరీక్ష ఫోనులోనే చెయ్యి. కంప్యూటర్‌లో నేరుగా నడిపితే దాని ఫాంట్లతో అన్నీ అందంగానే కనిపిస్తాయి.

5. చవక కేబుళ్లలో కొన్నిటికి ఛార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలుండవు. ఫోను ఛార్జవుతూనే ఉంటుంది, ఎల్ఎస్‌యూఎస్‌బీలో మాత్రం కనపడదు. డ్రైవర్లను తిట్టుకునేముందు కేబుల్ మార్చు. బీసెంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద కొన్నదైతే ముందే మార్చు.

6. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ నుంచి ఫోనుని ఫ్లాష్ చెయ్యకు. రోహిణి కార్తెలో మన కరెంటు సంగతి నీకు తెలియంది కాదు. ఫోను బ్యాటరీ కూడా సగానికి పైనే ఉండాలి.