ఫోనే ఓటీపీ చదివేస్తే?

"ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు." మా ఊళ్లో చూపు లేని అక్కలకు ఫోన్ పాఠం ఇలాగే మొదలుపెట్టా. ఒకావిడ నవ్వేసింది. "నేను చెప్పక్కర్లేదు బాబూ, నా ఫోనే అరిచి చెప్తుంది."

నిజమే. ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ చదివి వినిపించే టాక్‌బ్యాక్ స్పీకర్‌లో మోగితే పక్కనున్నవాళ్లంతా వింటారు. అందుకే డబ్బు పనికి ముందు ఇయర్‌ఫోన్ పెట్టించా. టాక్‌బ్యాక్ మెనూలో స్క్రీన్‌ని దాచే ఆప్షన్ కూడా ఉంది: తెర నల్లగా అయిపోతుంది, మాట మాత్రం వినిపిస్తూనే ఉంటుంది.

3.5 ఎంఎం జాక్ లేకపోతే ఏమైందని రివ్యూల్లో రాసినవాణ్ని నేనే. ఛార్జింగ్ అక్కర్లేని వైరు ఇయర్‌ఫోన్ విలువ అక్కడే తెలిసింది.

ఇంకో రెండు గట్టిగా చెప్పా: మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు, మోసపోతే వెంటనే 1930కి కాల్ చేయాలి.

ఆవిడ పిన్ ఇప్పటికీ పక్కింటి అబ్బాయికి తెలుసు. వచ్చే ఆదివారం తనే మార్చుకుంటానంది.