అమ్మమ్మ ఊరికి వస్తున్న వాళ్లకు

నెల్లూరు

ప్రియమైన అమ్మలూ,

నాలుగేళ్ల తరువాత మీరు మలావీ నుంచి మూడు నెలల మిషన్ సెలవు (ఫర్లో) మీద వస్తున్నారని మీ అమ్మ చెప్పింది. అప్పటినుంచి దాని కాళ్లు నేలమీద ఆనడం లేదు. పెదనాన్న, నేను ఆ దేశంలో పదమూడేళ్లు ఉన్నవాళ్లం. రావడం, మళ్లీ వెళ్లడం ఎంత కష్టమో తెలుసు కనుక నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు పిల్లల సంగతి. “మన ఇంటికి వెళ్తున్నాం” అని వాళ్లకు చెప్పకు. చిన్నవాడు అక్కడే పుట్టాడు. ఇల్లంటే వాడికి లిలాంగ్వే దగ్గర మీరుంటున్న ఆ రేకుల ఇల్లే. “అమ్మమ్మ ఊరికి వెళ్తున్నాం” అని చెప్పు. అమెరికా సమాజశాస్త్రవేత్త రూత్ యూసీమ్ 1950లలో మన దేశానికి వచ్చి, ఇక్కడ పనిచేస్తున్న అమెరికన్ కుటుంబాలను గమనించారు. అమ్మానాన్నల దేశానికీ పెరుగుతున్న దేశానికీ నడుమ ఆ పిల్లలు తమదైన మూడో లోకం ఒకటి కట్టుకుంటారని ఆమె గుర్తించారు. మన పిల్లలూ అంతే. చుట్టాలు “తెలుగు సరిగా రాదేం, ఇలా నల్లబడ్డారేం” అంటారు. పిల్లలు మలావీ భాష చిచేవాలో మాట్లాడుకుంటే నలుగురిలో ఆపకు. అది వాళ్లకు ఊపిరి.

ఇంకొకటి. ఇక్కడికొచ్చాక మీలో ఎవరికి జ్వరం తగిలినా ఆ రోజే మలేరియాకు రక్తపరీక్ష చేయించు. ఆఫ్రికా నుంచి వచ్చామని డాక్టరు అడక్కముందే చెప్పు. అక్కడ కుట్టిన దోమ ఇక్కడికొచ్చిన కొన్ని వారాలకు కూడా జ్వరం తెస్తుంది.

ఇక అసలు మాట. సంఘాల్లో నిన్ను సాక్ష్యం చెప్పమంటారు. ఏం చెప్పాలో ఇప్పటినుంచే ఆలోచించుకో.

నా సంగతి ఒకటి విను. 1992లో మలావీలో వానలు ముఖం చాటేశాయి. మొక్కజొన్న చేలు నిలువునా ఎండిపోయాయి. ఆ ఏడాది నాకు రెండో కాన్పయిన వారం, మా పక్కింటామె తన ఇంట్లో అడుగంటిన పిండిలోంచి ఒక చిన్న బుట్టెడు తెచ్చి, మోకాళ్లమీద కూర్చుని రెండు చేతులతో నాకందించింది. మరుసటి ఏడాది మేం ఇక్కడికొచ్చినప్పుడు ఒక సంఘంలో నేను ఆమె గురించే చెప్పాను. ఆమె పిల్లల డొక్కలు ఎలా ఎండిపోయాయో, రాత్రి ఎలా ఏడ్చేవారో చెప్పాను. జనం కళ్లు తుడుచుకున్నారు. కానుక సంచి నిండింది. ఇంటికొచ్చాక మా పెద్దది, ఎనిమిదేళ్ల పిల్ల, అడిగింది: “అమ్మా, ఆమె మనకు పిండి తెచ్చింది కదా. అది చెప్పలేదేం?”

నా నోట మాట రాలేదు. నేను చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ పెట్టిన చేతిని దాచిపెట్టి, చాచిన చేతిని చూపించాను. పై ఆదివారం వేరే సంఘంలో ఆ పిండి బుట్టతోనే మొదలుపెట్టాను. కానుక తక్కువే వచ్చింది. కూడిక అయ్యాక ఒక ముసలామె దగ్గరికొచ్చి, “ఆమె పేరేంటమ్మా? పేరు పెట్టి ప్రార్థన చేస్తాను” అంది. మొదటి సంఘంలో ఆమె పేరు ఎవరూ అడగలేదు.

అమ్మలూ, మన గురించి కూడా ఒకప్పుడు ఇలాగే దూరదేశంలో మాట్లాడుకున్నారు. 1840లో నెల్లూరు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే దొరగారు ఆరోగ్యం చెడి 1846లో అమెరికా వెళ్లారు. ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అన్న మాట 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన మిషన్ సభలో వచ్చింది. పటంలో మన వైపు నెల్లూరు ఒక్కటే నక్షత్రంగా కనిపించిందట. అందుకే దీనికి లోన్ స్టార్ మిషన్ అని పేరు. సరిగ్గా యాభై ఏళ్లకు, 1903లో, తెలుగు సంఘాల తరఫున జాన్ రంగయ్య గారు ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నటాల్ వెళ్లి, కియర్స్‌నీ తేయాకు తోటలో మన తెలుగు కూలీల మధ్య సంఘం కట్టారు. ఒకరు జాలిపడి చూసిన ఊరే ఇంకొకరికి పెట్టే ఊరయింది. మలావీ గురించి చెప్పేటప్పుడు ఇది మనసులో ఉంచుకో. వాళ్ల కష్టం చెప్పు, దాంతోపాటు వాళ్ల పెట్టుబుద్ధీ చెప్పు. అడక్కుండా తీసిన ఫొటో, ఒంటిమీద బట్టలేని పిల్లల ఫొటో ఎక్కడా చూపించకు. కానుకల లెక్క ఎవరూ అడక్కముందే రూపాయలతో సహా చెప్పు.

ఆదివారాలన్నీ సంఘాలకు ఇచ్చేయకు. నెలకొకటైనా మీ అమ్మ పక్కన కూర్చుని ఆరాధన విను. మూడు నెలల్లో దానికి మిగిలేది అదే.

మొక్కజొన్నలు మరపట్టించి ఉంచాను. ఇక్కడి పిండి పసుపుగా ఉంటుందని, అక్కడిలా తెల్లగా ఉండదని పిల్లలకు ముందే చెప్పు. అక్కడి మొక్కజొన్నపిండి ముద్ద, న్సీమా, వండటం నాకు ఇంకా చేతనవును. మొదటి రాత్రి మా ఇంట్లోనే భోజనం. నీకు అన్నం, వాళ్లకు న్సీమా.

ప్రార్థనలతో,
పెద్దమ్మ