మంచు కప్పు కింద ఈత

మన ప్రాంతంలో చెరువులు గడ్డకట్టవు. కాని ఫిన్లాండ్, కెనడా, రష్యా వంటి చలి దేశాలలో శీతకాలం వచ్చిందంటే సరస్సుల మీద మనుషులు నడుస్తారు. పైన ఎంత మందాన గడ్డకట్టినా, లోతైన సరస్సులో అడుగు నీరు నీరుగానే ఉంటుంది. కారణం మీరు పాఠంలో చదివిందే. మంచినీటికి 4 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సాంద్రత ఎక్కువ. ఆ నీరు అడుగుకు చేరుతుంది. అంతకంటె చల్లనిది పైన నిలిచి గడ్డకడుతుంది. గడ్డ కింద చేపలు, నాచు, చిన్న జీవులు బతుకుతూనే ఉంటాయి. వాటిని పరిశీలించడానికి శాస్త్రజ్ఞులు, మునిగిపోయిన వారిని వెలికితీయడానికి రక్షక దళాలవారు, సరదాకోసం మరికొందరు గాలి సిలిండరు వీపున కట్టుకొని ఆ మంచు కిందికి దిగుతారు. ఇలా దిగేవారిని డైవర్లు అంటారు.

మామూలు సముద్రంలో డైవరుకు ఇబ్బంది వస్తే నెమ్మదిగా పైకి తేలితే గాలి దొరుకుతుంది. ఇక్కడ పైకి తేలితే తల మంచుకు తగులుతుంది. బయటికి రావడానికి ఉన్నది ఒకే ఒక్క కంత. మంచు కింద ఈతకు ఉన్న నియమాలన్నీ ఈ ఒక్క విషయం నుంచి పుట్టినవే.

ముందుగా మంచు మందాన్ని పలుచోట్ల కొలిచి, మోటారు రంపంతో కంత కోస్తారు. సరస్సుల మీద దీన్ని తరచు త్రిభుజాకారంలో కోస్తారు. బరువైన సామగ్రితో పైకి వచ్చిన మనిషి మూలలో నిలిస్తే రెండు చేతులకూ రెండు అంచులు అందుతాయి, ఒళ్ళు పైకి లేపుకోవడం సులువు. తరువాత కంత చుట్టూ మంచుపొడిని బండిచక్రం ఆకుల్లాగా దారులు దారులుగా ఊడుస్తారు. ఊడ్చినచోట వెలుతురు కిందికి దిగుతుంది. నీటిలోంచి చూసేవాడికి ఆ వెలుగు చారలన్నీ కంతవైపే దారి చూపుతాయి.

డైవరు ఒంటికి పట్టీలు బిగించి వాటికి తాడు కడతారు. రెండో కొస మంచు మీద గట్టిగా బిగించి ఉంటుంది. మధ్యలో తాడును చేత్తో పట్టుకొని ఒక మనిషి నిలబడతాడు. అతనికి వేరే పని ఉండదు, ఉండకూడదు. నీటిలో మాటలు వినపడవు కనుక తాడు లాగడమే భాష. ఒక పద్ధతిలో ఒక్క లాగు అంటే క్షేమం, రెండు అంటే తాడు వదులు, మూడు అంటే తాడు లాక్కో, నాలుగు అంటే ప్రమాదం. జట్టును బట్టి ఈ సంకేతాలు మారవచ్చు. దిగకముందే అందరూ ఒకే భాషకు ఒప్పుకోవాలి.

తాడు ఊడిపోతే? డైవరు కంతకోసం వెతుకుతూ తిరగకూడదు. నెమ్మదిగా పైకి తేలి, మంచును తాకుతూ, నిటారుగా, ఉన్నచోటనే ఆగాలి. పైన మరో డైవరు అన్నీ తొడుక్కొని సిద్ధంగా కూర్చుని ఉంటాడు. అతని తాడు మొదటివాని తాడుకంటె బాగా పొడవు, తరచు రెట్టింపు. అతడు మంచును అంటిపెట్టుకొని, తప్పిపోయినవాడు ఉండగల దూరాన్ని దాటి వెళ్ళి, తాడు బిగువుగా పట్టి గుండ్రంగా ఈదుతాడు. మీ వృత్తలేఖినిని గుర్తు తెచ్చుకోండి. కంత ముల్లు, తాడు వ్యాసార్ధం. ఆ తాడు వృత్తమంతా ఊడ్చుకుంటూ వచ్చి, నిటారుగా ఆగి ఉన్న మనిషికి తగులుతుంది. అతడు కంగారుపడి లోతుకు పోతే తాడు తలమీదుగా దాటిపోతుంది. భయంతో కదలాలనిపించే సమయంలో కదలకుండా ఉండడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు. అందుకే దీన్ని ముందుగా అనేకసార్లు అభ్యాసం చేయిస్తారు.

ఇక గాలి లెక్క. 12 లీటర్ల సిలిండరులో 200 వాతావరణాల పీడనంతో నింపితే సుమారు 2400 లీటర్ల గాలి ఉంటుంది. నీటి పైన మనిషి నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుందాం. 10 మీటర్ల లోతున పీడనం రెట్టింపు కనుక 40 లీటర్లు ఖర్చవుతుంది. అంటే 60 నిమిషాల గాలి. 30 నిమిషాలు పోయి, 30 నిమిషాలు తిరిగి వస్తే సరిపోతుంది కదా అంటారు. సరిగ్గా 30వ నిమిషంలో తోడు వచ్చినవాని సిలిండరు పనిచేయడం మానేసిందనుకోండి. మిగిలిన 1200 లీటర్లు ఇద్దరూ పీలిస్తే 15 నిమిషాలకే సరి. సగం దారి ఇంకా మంచు కిందే ఉంది! అందుకే మూడోవంతు నియమం: మూడోవంతు గాలి ఖర్చు కాగానే వెనుదిరగాలి. 20 నిమిషాలకు తిరిగితే మిగిలేది 1600 లీటర్లు, ఇద్దరికీ 20 నిమిషాలు. లెక్క సరిగ్గా సరిపోయింది, ఒక్క లీటరు కూడా మిగల్లేదు. చలిలో, భయంలో ఊపిరి ఎక్కువ పీలుస్తాం కనుక జాగ్రత్తపరులు ఇంకా ముందే వెనుదిరుగుతారు.

సిలిండరు ఎందుకు మొరాయిస్తుంది? సైకిలు ట్యూబులో గాలి వదిలేటప్పుడు వేలు అడ్డం పెట్టి చూడండి, గాలి చల్లగా తగులుతుంది. పీడనం తగ్గి వ్యాకోచించే గాలి చల్లబడుతుంది. సిలిండరు గాలి పీడనాన్ని తగ్గించి నోటికి అందించే సాధనం పేరు రెగ్యులేటరు. నీరే గడ్డకట్టే చలిలో ఉంటే, ఈ అదనపు చలికి దానిలోని తేమ గడ్డకట్టి కవాటం తెరుచుకునే ఉండిపోతుంది. గాలి ధారగా పోయి కొద్ది నిమిషాల్లో సిలిండరు ఖాళీ. అందుకని సిలిండరుకు రెండు కవాటాలు, రెండు రెగ్యులేటర్లు అమరుస్తారు. ఒకటి మొరాయిస్తే దాన్ని కట్టేసి రెండోది నోట పెట్టుకుంటారు. నీటిలో మునిగేదాకా రెగ్యులేటరుతో గాలి పీల్చవద్దని ఇంకో నియమం. బయట గాలి సున్నాకు 20 డిగ్రీలు దిగువన ఉంటే, నీరే వెచ్చన! ఊపిరిలోని తేమ ఆ గాలిలో వెంటనే గడ్డకడుతుంది.

అంటార్కిటికాలోని మెక్‌ముర్డో సౌండ్ వద్ద పద్ధతి కొంత వేరు. అక్కడ సముద్రపు మంచు సుమారు 2 మీటర్ల మందం, నీరు సున్నాకు 1.8 డిగ్రీలు దిగువన. ఉప్పునీరు కనుక సున్నా వద్ద గడ్డకట్టదు. అక్కడి వసంతకాలంలో, అంటే అక్టోబరు ప్రాంతంలో, నీరు ఎంత తేటగా ఉంటుందంటే వంద మీటర్లకు పైగా కనిపిస్తుంది. ప్రవాహం లేనిచోట శాస్త్రజ్ఞులు ఒంటికి తాడు లేకుండా కూడా దిగుతారు. బదులుగా కంతలోంచి జెండాలు, మిణుకుమిణుకుమనే దీపం, అదనపు సిలిండరు కట్టిన తాడును నిలువుగా వేలాడదీస్తారు. వేసవి వచ్చి సూక్ష్మజీవులు పెరిగి నీరు మసకబారితే, ప్రవాహం ఉంటే, ఒంటికి తాడు తప్పనిసరి. ఆ కంతలలోకి వెడ్డెల్ సీళ్ళు కూడా ఊపిరికోసం వస్తాయి. అవి పక్కకు తొలగేదాకా డైవరు ఆగాలి, వాటికీ గాలి కావాలి మరి.

పని అయ్యాక సరస్సు మీద కంతను అలా వదిలి వెళ్ళరు. కోసి తీసిన గడ్డను తిరిగి దానిలో అమర్చి, చుట్టూ గుర్తులు పాతుతారు. రాత్రి పలుచని పొర కట్టి, దానిమీద మంచు కురిస్తే, మరునాడు ఆ దారిన ఆడుకుంటూ వచ్చే పిల్లలకు అక్కడ కంత ఉన్నట్టే తెలియదు.