ఉదరమును అవధానమును

అవధానమను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. ఎనమండుగురు పృచ్ఛకుల నడుమ కూర్చుండి, ఒకరికి పద్యపాదము చెప్పుచు, గంటల మ్రోతలు లెక్కించుచు, అప్రస్తుత ప్రసంగికి బదులు పలుకుచు, ఏదియు మరువని అవధానిని చూచి మన పెద్దలు ఆనందించిరి. అట్టి శక్తి కొందరికే యబ్బును. ఒక్క విషయముమీద పావుగంటసేపు మనస్సు నిలుపుటయే కష్టమైన పిల్లలును గలరు. ప్రతి తరగతిలోను ఒకరిద్దరుందురు. వారిని గూర్చియే మేమిప్పుడు వ్రాయుచున్నాము.

మా యేడవ తరగతిలో అట్టి బాలుడొకడుండెను. లెక్క సగము చేసి కిటికీవైపు చూచును. ప్రశ్న ముగియకమునుపే జవాబు చెప్పును. వారమునకు రెండు పెన్సిళ్లు పోగొట్టును. వాడు సోమరియని తలచి మేము వానిని పలుమారులు బల్లమీద నిలువబెట్టితిమి. శిక్షణ కళాశాలలో చదివిన మనస్తత్వశాస్త్రము ఆ వేళ మాకు జ్ఞాపకము రాలేదు. చెప్పుకొనుటకు సిగ్గుగానే యున్నది.

ఒకనాడుదయము వాని తండ్రి బొగ్గుబావిలో రాత్రి షిఫ్టు ముగించుకొని, నిద్రయైన పోక, బడికి వచ్చెను. ఆయన చేతిలో నొక కరపత్రముండెను. కడుపులోని మంచి సూక్ష్మజీవులను పెంచు పొడి యొకటి కలదనియు, మూడు నెలలు వాడినచో పిల్లలకు చదువుమీద ధ్యాస కుదురుననియు అందు వ్రాసియుండెను. ఒక్క డబ్బా వెల ఆ యింటివారి వారము దినముల బియ్యమునకును కూరలకును చాలును. “సారూ, కొనుమందురా?” అని ఆయన యడిగెను. వెంటనే బదులు చెప్పలేక వారము గడువడిగి, దొరికినంత చదివితిమి.

ఇట్టి పిల్లలనుగూర్చి 1902లో లండనులో జార్జి స్టిల్ అను శిశువైద్యుడు ఉపన్యసించెను. బుద్ధి చక్కగానే యుండియు తమ్ము తాము నిగ్రహించుకొనలేని బాలబాలికలను ఆయన వర్ణించెను. వైద్యులు నేడు ఈ స్థితిని ఏడీహెచ్‌డీ యందురు, మనము అవధానలోపమందము. ఇందులో వంశమునుండి సంక్రమించు పాలు హెచ్చు. ఇది పెంపకపు దోషము కాదు, పిల్లవాని దుర్గుణమును కాదు.

ఇక కడుపు సంగతి. మన దేహమున సుమారు 38 లక్షల కోట్ల సూక్ష్మజీవులున్నవని 2016లో లెక్క కట్టిరి. ఇది మన స్వంత కణముల సంఖ్యకు ఇంచుమించు సమానము. వీనిలో అధికభాగము పెద్దప్రేగులో వసించును. మనము జీర్ణించుకొనలేని పీచును అవి పులియబెట్టి ఆమ్లములుగా మార్చును; కొన్ని విటమినులను తయారుచేయును. ప్రేగునుండి మెదడునకు వేగస్ అను నరము పోవుచున్నది. అందలి తంతువులలో ఎక్కువ పాలు మెదడు ఆజ్ఞలను క్రిందికి తెచ్చునవి కావు, కడుపు వార్తలను పైకి మోయునవి. సెరటోనిన్ అను పదార్థము నూటికి తొంబది పాళ్లు ప్రేగులోనే పుట్టునని విని, అదియే మనస్సును నడుపునని కొందరు చెప్పుదురు. కాని ప్రేగులో పుట్టిన సెరటోనిన్ మెదడులోనికి చొరజాలదు. కరపత్రములు ఈ రెండవ మాట చెప్పవు.

ప్రేగు, సూక్ష్మజీవి, విటమిను అను మూడింటిని కలిపిన తెలుగువాడొకడు గలడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు తన సోదరుని స్ప్రూ అను ప్రేగువ్యాధికి పోగొట్టుకొనెను. ఆ వ్యాధిలో తిన్న అన్నము వంటబట్టదు, రక్తము క్షీణించును. ఆయన 1922లో అమెరికా చేరి హార్వర్డులో పనిచేసి, 1940లో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలకు పోయెను. 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిన వార్త వెలువడెను. ఒక పదార్థములో ఆ విటమినున్నదో లేదో తెలియుటకు వారు సాధనముగా వాడినది లాక్టోబాసిల్లస్ కేసీ అను సూక్ష్మజీవినే: అది పెరిగెనా, విటమిను ఉన్నట్లు, పెరుగకున్న లేనట్లు. అదే ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ మట్టినుండి కనుగొనిన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు తెలిసెను. ఆ యేటనే ఆగస్టులో సుబ్బారావు మరణించెను. నేడు స్ప్రూ రోగికి ఫోలిక్ ఆమ్లమును, ఆరియోమైసిన్ కుటుంబమునకు చెందిన టెట్రాసైక్లిన్‌ను ఇచ్చుచున్నారు. ఈ మహనీయుని పేరు మా పై తరగతివారిలో ముగ్గురికే తెలియుట చూచి మేము చింతించితిమి.

అయితే అవధానమునకు ఈ సూక్ష్మజీవులు ఏమి చేయును? ఫిన్లాండులోని టుర్కులో 75 మంది శిశువులపై నొక పరీక్ష జరిగెను. కొందరికి మొదటి ఆరు నెలలు లాక్టోబాసిల్లస్ జాతి సూక్ష్మజీవిని, తక్కినవారికి ఉత్త పొడిని ఇచ్చిరి. పదమూడేండ్లు వచ్చునప్పటికి ఉత్త పొడి త్రాగిన 35 మందిలో ఆరుగురికి అవధానలోపమో, ఆస్పర్గర్ అను మరియొక స్థితియో కనబడెను. రెండవ జట్టులో ఒక్కరికిని లేదు. ఈ ఫలితము 2015లో అచ్చయ్యెను. వినుటకు గొప్పగనే యున్నది. విద్యార్థులారా, మీ గణితముతో ఆలోచింపుడు: ఆరుగురనగా ఎందరు? ఇద్దరు ముగ్గురు అటునిటు మారినచో లెక్కయే మారిపోవును. 2020లో నెదర్లాండ్సువారు అవధానలోపము గలవారి ప్రేగు సూక్ష్మజీవులను ఎలుకలలో ప్రవేశపెట్టిరి. ఆ యెలుకల మెదడులో మార్పులు కనబడెను, బెదురు హెచ్చెను. కాని యెలుక బెదరుట వేరు, పిల్లవాడు పాఠము విడిచి కిటికీ చూచుట వేరు. అదియుగాక, ఏది ముందో యెట్లు తెలియును? 2021లో ఆస్ట్రేలియావారు ఆటిజము గల పిల్లలను పరీక్షించి, వారు కొద్దిరకముల ఆహారమే తినుటవలన ప్రేగు సూక్ష్మజీవుల రకములు తగ్గుచున్నవని తేల్చిరి. కారణమనుకొన్నది ఫలితముగా తేలెను! అవధానలోపమందును ఇట్లు జరుగరాదని చెప్పజాలము.

కావున పొడి కొనవద్దని ఆ తండ్రికి చెప్పితిమి. బాలుని వైద్యునికి చూపుమంటిమి. పరీక్షింపగా వాని రక్తములో ఇనుము మిక్కిలి తక్కువయని తెలిసెను. మెదడులో డోపమిన్ అను పదార్థము తయారగుటకు ఇనుము కావలెను. గని కార్మికుల కుటుంబములకు ఈ సంగతి ప్రత్యేకముగా తెలియదగును: కొంకిపురుగు ప్రేగున పట్టి రక్తము త్రాగుటచే కలుగు పాలిపోవుటకు ఐరోపాలో ‘గనివారి రక్తహీనత’ యనియే పేరుండెను. 1880లో ఆల్ప్సు పర్వతములలో గొతార్డు సొరంగము త్రవ్వినవారిలో అది విపరీతముగా వ్యాపించెను. 2015 నుండి ప్రభుత్వమువారు బడులలో ఆల్బెండజోల్ మాత్రలు పంచుట ఇట్టి పురుగులను పోగొట్టుటకే. కొందరు పిల్లలు ఆ మాత్రను చప్పరించి కిటికీలోనుండి ఉమియుట మేము చూచితిమి.

ఆ బాలుడు ఉదయమేమియు తినక వచ్చి, వీధి దుకాణములో రంగురంగుల చిరుతిండ్లు కొనుచుండెను. కొన్ని కృత్రిమపు రంగులు, వానితోడి నిలువచేయు మందు కలిసి పిల్లల చాంచల్యమును కొంత హెచ్చించునని 2007లో ఇంగ్లాండులోని సౌతాంప్టనులో పరీక్షించి చూపిరి. ఇప్పుడు వాని తల్లి జొన్నగటకయు పెరుగును పెట్టి పంపుచున్నది. రాత్రికి గంగవాయిలికూర పప్పు. పీచునకును ఇనుమునకును అవి మంచివి, డబ్బా పొడికంటె చవుకైనవి.

ఇనుపమందు ఆరు నెలలు వాడినపిమ్మట వాని ముఖము తేరెను, మధ్యాహ్నపు కునికిపాటు పోయెను. కిటికీ చూపు మాత్రము పోలేదు. వైద్యుని సలహాపై మంచిర్యాలలో మానసిక వైద్యునికి చూపగా, అవధానలోపమున్న మాట నిజమే యని చెప్పి, తల్లిదండ్రులకును మాకును కొన్ని పద్ధతులు నేర్పెను. ఇప్పుడు వాడు మొదటి బల్లపై కూర్చుండును. పది లెక్కలకు బదులు మూడేసి చొప్పున ఇచ్చుచున్నాము. నడుమ లేచి హాజరుపట్టీలు కార్యాలయమునకు కొనిపోవు పని వానిదే. నిన్న మూడు లెక్కలు ముగించి, నాలుగవది తానే యడిగెను. అది సగము చేసి పట్టీలతో బయలుదేరెను.