‘రన్ అవుట్’ – అర్థము, నిత్య వ్యవహారము

ఆంగ్లభాషను అభ్యసించే మన విద్యార్థులను ఎక్కువగా తికమక పెట్టేవి పెద్ద పెద్ద పదాలు కావు. చిన్న పదాల కలయికలు. ‘రన్’ అంటే పరుగెత్తడమనీ, ‘అవుట్’ అంటే బయట అనీ ప్రాథమిక పాఠశాల విద్యార్థికి సైతం తెలుసు. కాని ఆ రెండూ కలిసి ‘రన్ అవుట్’ అయినప్పుడు ‘అయిపోవు’ అనే అర్థం వస్తుందని పట్టభద్రులలో కూడా కొందరు గ్రహించరు. ఇటువంటి కలయికలకు ‘ఫ్రేజల్ వెర్బ్’ అని పేరు. 1925లో వెలువడిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ గ్రంథంలో లోగన్ పియర్సాల్ స్మిత్ ఈ పేరును వాడి, దానిని తనకు సూచించినవారు హెన్రీ బ్రాడ్లీ అని పేర్కొన్నారు.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. తెలుగులో ‘నీళ్లు అయిపోయినవి’ అంటాము. ఇందులో ‘పోవు’ ఉన్నది గాని, ఎవరూ ఎక్కడికీ పోలేదు. ఉర్దూలో ‘పానీ ఖత్మ్ హో గయా’ అంటాము. ‘గయా’ అంటే వెళ్లినది అని అర్థమైనా, ఇక్కడ వెళ్లినవారు లేరు. ప్రధానక్రియ పక్కన చేరిన చిన్న మాట అర్థానికి ముగింపునిస్తున్నది. ఆ పనిని మన రెండు భాషలలో మరొక క్రియ చేస్తే, ఆంగ్లంలో ‘అవుట్’ వంటి అవ్యయం చేస్తున్నది. కనుక విడివిడి మాటలకు అర్థాలు వెదకక, జంటకు అర్థం అడగాలి.

‘రన్ అవుట్’కు రెండు వాక్యనిర్మాణాలున్నవి. మొదటిదానిలో వస్తువు కర్త: ‘ద వాటర్ హాజ్ రన్ అవుట్’. రెండవదానిలో మనుషులు కర్త: ‘వియ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ వాటర్’. రెండవదానికి ‘ఆఫ్’ తప్పనిసరి. మొదటిదానిలో అది రాకూడదు. మనవారికి చిక్కు వచ్చేది రెండవ నిర్మాణంలోనే. తెలుగులో ‘మా దగ్గర నీళ్లు అయిపోయినవి’ అంటాము. ఉర్దూలో ‘హమారే పాస్ పానీ ఖత్మ్ హో గయా’ అంటాము. రెండింటిలోనూ మనిషి కర్త కాడు, నీళ్లే కర్త. అందుచేత ‘వియ్’తో వాక్యం మొదలుపెట్టడం మనకు తోచదు, ‘వాటర్ ఈజ్ కంప్లీటెడ్’ అని వ్రాస్తాము. ‘కంప్లీట్’ చేసేది పనిని, నీటిని కాదు.

‘రన్ అవుట్’ అనగానే మన యువకులకు జ్ఞప్తికి వచ్చేది క్రికెట్. 2019 జులై 10న మాంచెస్టర్‌లో న్యూజిలాండ్‌తో జరిగిన ప్రపంచ కప్ సెమీఫైనల్‌లో మార్టిన్ గప్టిల్ విసిరిన బంతి వికెట్లను తాకగా ధోనీ రన్ అవుట్ అయినాడు. ఆ సందర్భంలో ‘ధోనీ వాజ్ రన్ అవుట్’ అనడం సరియైనది. ఒకరు ఆటగాడిని అవుట్ చేసినారు గనుక అది కర్మణి వాక్యం. నీటి విషయంలో ‘వాటర్ వాజ్ రన్ అవుట్’ అనరాదు. ‘అయిపోవు’ అనే అర్థంలో ఇది అకర్మకం. దీనికి కర్మణి ప్రయోగం లేదు. రూపాలు ‘రన్, ర్యాన్, రన్’ అని కంఠస్థం చేసుకోవాలి.

ఇక కాలభేదం. ఇది పరీక్ష మార్కులకే పరిమితమైన విషయం కాదు. 1970లో ఒంగోలు కేంద్రంగా జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లా నుండి వచ్చి చేరిన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలకు నీటి ఎద్దడి చిరపరిచితం. ఒక ఊరివారు నీటి ట్యాంకరు కోసం అధికారికి ఆంగ్లంలో అర్జీ పెట్టదలచి, చదువుకున్న విద్యార్థి చేతికి కలమిచ్చినారనుకొందాము. ‘వాటర్ ఈజ్ రన్నింగ్ అవుట్’ అని వ్రాస్తే ఇంకా కొంత నీరున్నదని అర్థం. ‘వియ్ ఆర్ రన్నింగ్ షార్ట్ ఆఫ్ వాటర్’ అన్నా అంతే, చాలీచాలకుండా ఉన్నదని. ‘వియ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ వాటర్’ అంటేనే చుక్క కూడా లేదని అర్థం. మొదటి రెండు వాక్యాలు చదివిన అధికారి రేపు చూద్దామనుకోవచ్చు. మూడవది చదివితే ఆ అవకాశం లేదు. ఒక్క రూపం మారితే ఒక దినం ఆలస్యం కావచ్చు.

అట్లే కారణాన్ని కూడా వేరుచేసి చెప్పాలి. కంభం చెరువు గాని, ఊరి బావి గాని ఎండిపోతే ‘డ్రయ్డ్ అప్’ అనాలి. గొట్టం ద్వారా వచ్చే సరఫరాను ఎవరైనా నిలిపివేస్తే ‘కట్ ఆఫ్’ అనాలి. నిల్వ ఉన్నది వాడగా వాడగా తరిగి లేకుండా పోతే ‘రన్ అవుట్’. బావి ఎండినందువల్ల ఇంటిలో నీరు అయిపోవచ్చు. కాని ఆ రెండూ ఒకటి కావు.

మందుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ‘ద మెడిసిన్ హాజ్ రన్ అవుట్’ అంటే మందు అయిపోయినది, కొనాలి. ‘ద మెడిసిన్ హాజ్ ఎక్స్‌పైర్డ్’ అంటే సీసాలో మందున్నా గడువు దాటినది, వాడరాదు. అయితే వీసా, ఒప్పందం వంటి వాటికి ‘రన్ అవుట్’ అన్నా గడువు తీరుటయే. గల్ఫ్ దేశాలలో పనిచేసే బంధువుల ఉత్తరాలలో ‘మై వీసా రన్స్ అవుట్ ఇన్ మార్చ్’ అని ఉంటే, వీసా పోయినదని కంగారుపడనక్కరలేదు. మార్చిలో గడువు తీరునని మాత్రమే. ‘రన్ అవుట్ ఆన్’ అని ‘ఆన్’ చేరితే మాత్రం అర్థం పూర్తిగా మారి, కష్టకాలంలో ఒకరిని విడిచిపోవడమవుతుంది.

కంటికి కనబడని వాటికీ ఈ మాట వర్తిస్తుంది: కాలం, డబ్బు, ఓర్పు. ఇక్కడ మూడు భాషల స్వభావం చూడదగినది. ఆంగ్లంలో ఓర్పు ‘రన్ అవుట్’ అవుతుంది, అనగా ఖాళీ అవుతుంది. ఉర్దూలో ‘సబ్ర్ కా పైమానా లబ్‌రేజ్ హో గయా’ అంటారు. ఓర్పు పాత్ర అంచుదాకా నిండినదట. తెలుగిండ్లలో బియ్యం లేవనడం అశుభమని ‘బియ్యం నిండుకున్నవి’ అంటారు. లేమిని నిండుదనంతో చెప్పడం మన సంస్కారం. ఈ వాక్యాన్ని ఆంగ్లీకరించేటప్పుడు ‘ఫుల్’ అని వ్రాస్తే ఆకలి కథ విందు కథ అవుతుంది. అక్కడ ‘వియ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ రైస్’ అనాలి.

అభ్యాసం: ఈ క్రింది వాక్యాలను ఆంగ్లంలోకి మార్చండి.
1. దుకాణంలో మార్కాపురం పలకలు అయిపోయినవి.
2. గిద్దలూరు చేరకముందే మా బండిలో పెట్రోలు అయిపోయినది.
3. పరీక్షలో సమయం అయిపోవుచున్నది.
4. మా ఊరి బావి ఎండిపోయినది. మా దగ్గర తాగునీరు అయిపోయినది.

నాలుగవ వాక్యాన్ని తప్పులేకుండా వ్రాయగలిగిన విద్యార్థి తన ఊరి అర్జీని తానే వ్రాయగలడు. కళాశాలలో భాష నేర్చుకొనడానికి అంతకంటె మంచి ప్రయోజనం మరొకటి లేదని మా అభిప్రాయం.