నెండ్రమ్ మఠపు ఆటుపోట్ల మర – చెరువు, కాలువ, కాలనియమం

ఉపోద్ఘాతం
నీటి మర అనగానే ఏరు, దానిపై తిరిగే చక్రం మనస్సులో మెదలుతాయి. చెప్పుకోదగిన ఏరు లేని చిన్న దీవిలో ధాన్యం విసరడం ఎట్లా? ఈ ప్రశ్నకు ఉత్తర ఐర్లండులోని నెండ్రమ్ క్రైస్తవ మఠ శిథిలాలు సమాధానమిస్తాయి. డౌన్ కౌంటీలో స్ట్రాంగ్‌ఫర్డ్ అనే సముద్రపు పాయలోని మాహీ దీవిపై ఈ మఠం ఉండేది. అక్కడి మఠవాసులు సముద్రపు ఆటుపోట్లనే శక్తివనరుగా మలచుకొన్నారు. 1999లో జరిగిన తీరప్రాంత సర్వే, తదనంతర త్రవ్వకాలు ఈ సంగతిని వెలికితెచ్చాయి.

కాలనిర్ణయం
మొదటి మర నిర్మాణంలో వాడిన ఓక్ కలప బురదలో కుళ్ళకుండా నిలిచినది. దాని వార్షిక వలయాలను పరిశీలించి మర క్రీ.శ. 619–621 నాటిదని నిర్ణయించారు. అదే స్థలంలో 8వ శతాబ్ది చివర రెండవ మరను నిర్మించారు. ఇప్పటివరకు త్రవ్వకాలలో లభించిన ఆటుపోట్ల మరలలో మొదటి మర అతి ప్రాచీనమైన వాటిలో ఒకటిగా పరిగణింపబడుతున్నది.

నిర్మాణం, పనితీరు
తీరంలోని పల్లానికి అడ్డుగా కట్ట కట్టి చెరువు ఏర్పరచారు. పోటు సమయంలో సముద్రజలం అందులోకి చేరుతుంది. ఆటు మొదలై వెలుపలి నీరు దిగిన పిమ్మట, నిలిచిన నీటిని ఇరుకైన కాలువ ద్వారా వదలుతారు. రెండవ మరలో ఈ కాలువ రాతితో నిర్మితమైనది. కాలువ ఇరుకగుటచే నీరు వేగంగా చిమ్మి చక్రపు రెక్కలను తాకుతుంది. చక్రం నేలకు సమాంతరంగా ఉండి, నిలువు ఇరుసు ద్వారా పైనున్న తిరగలి రాతిని నేరుగా త్రిప్పుతుంది. పళ్ళచక్రాల అవసరం లేదు. చక్రం ఒకసారి తిరిగితే రాయి ఒకసారి తిరుగుతుంది.

శక్తి గణన
చెరువు వైశాల్యం సుమారు 6,500 చదరపు మీటర్లు, తిరగలి రాళ్ల వ్యాసం సుమారు 83 సెంటీమీటర్లు. చక్రం గరిష్ఠంగా 7/8 అశ్వశక్తిని, అనగా సుమారు 650 వాట్లను, ఇచ్చి ఉంటుందని అంచనా. విద్యార్థులు దీనిని స్వయంగా సరిచూడవచ్చును. ఉదాహరణకు నీటి ఎత్తు 1 మీటరు, ప్రవాహం సెకనుకు 0.2 ఘనపు మీటర్లు అనుకొందాం. సిద్ధాంతరీత్యా లభించే శక్తి సుమారు 1,960 వాట్లు. అందులో మూడవ వంతు చక్రానికి దక్కినా 650 వాట్లు అవుతుంది. చెరువు మట్టం అర మీటరు దిగితే 3,250 ఘనపు మీటర్ల నీరు వెడలుతుంది. ఆ ప్రవాహంతో మర సుమారు నాలుగున్నర గంటలు నడుస్తుంది.

అసలు పరిమితి
అయితే ఈ లెక్కలో ఒక షరతు ఇమిడి ఉన్నది. చక్రాన్ని తాకిన నీరు వెంటనే వెలుపలికి పోవలెను. సముద్రమట్టం చక్రం వరకు పెరిగితే, చెరువు నిండుగా ఉన్నప్పటికీ మర ఆగిపోతుంది. పోటు సుమారు 24 గంటల 50 నిమిషాలలో రెండుసార్లు వస్తుంది. కాబట్టి విసురుడు వేళ దినదినం సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఒక్కొక్కప్పుడు అర్ధరాత్రి పడుతుంది. అమావాస్య, పున్నమిల సమీపంలో పోటు ఎత్తుగాను, అష్టముల సమీపంలో తక్కువగాను ఉండుటచే చెరువులో చేరే నీరు కూడ మారుతుంది. అందువలన మరను నడిపేవారు ధాన్యంతోపాటు చంద్రగతిని కూడ గమనింపవలసి ఉండెను.

ముగింపు
నీటి వనరును అంచనా వేయునప్పుడు మనం సాధారణంగా ఎంత నీరు వచ్చునో లెక్కిస్తాము. అది ఎటు, ఎప్పుడు పోవునో తరువాత ఆలోచిస్తాము. నెండ్రమ్ నిర్మాతలకు ఆ అవకాశం లేదు. నీరు పోయే మార్గమే వారి పనివేళను శాసించినది. ఈ సూత్రం మన తీరప్రాంత వ్యవసాయానికీ వర్తిస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాలలో సముద్రానికి చేరువనున్న మురుగు కాలువలు పోటు వేళ నీటిని సులభంగా వదలలేవు. భారీ వర్షం అదే వేళ కురిస్తే వరిచేలలో ముంపు కొనసాగుతుంది. కావున క్షేత్ర పరిశీలనకు వెళ్ళే విస్తరణ శాస్త్రవేత్తలు తూముతోపాటు మురుగు కాలువ ముఖాన్ని కూడ చూడవలెను. కాలువ వెడల్పుతోపాటు పోటు వేళలను కూడ నమోదు చేయవలెను.