వృందగాన శిక్షకుడి వృత్తి: మేడ్చల్, శామీర్‌పేట విద్యార్థికి ఉన్న దారులు

విశ్వవిద్యాలయ స్థాయిలో వృందగానం నేర్పి, దాన్ని వేదికపై నడిపించే అధ్యాపకుణ్ణి పాశ్చాత్య దేశాల్లో కోరల్ కండక్టర్ అంటారు; తెలుగు చర్చిల్లో క్వయర్‌ను నడిపేవారి ద్వారా ఆ పనిలో కొంత భాగం ఇక్కడివారికీ పరిచయమే. అందరూ ఒకే వరుసను కలిసి పాడే భజన పద్ధతికి భిన్నంగా, గొంతులను మూడు నాలుగు పాయలుగా విడదీసి, ఒక్కో పాయకు వేరే వరుస ఇచ్చి, అవన్నీ ఏకకాలంలో పొసగేలా పాడించడం ఈ విద్యలోని ప్రధానాంశం. అయితే ఆ పేరుతో ఉద్యోగ ప్రకటన కోసం ఎదురుచూస్తూ కూర్చునే తెలుగు విద్యార్థికి నిరాశే మిగులుతుంది. ఈ వృత్తిలోకి వచ్చేవారు ముందు బృందాన్ని తయారుచేసుకుంటారు, పదవి ఆ తరువాత వస్తుంది.

చిత్తూరులో 1925లో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ జీవితం ఇందుకు దగ్గరి ఉదాహరణ. మద్రాసులో చదువుకునే రోజుల్లో విద్యార్థి ఉద్యమంలో తిరిగి, తరువాత మలయాళ చిత్రాలకు సంగీత దర్శకుడిగా పేరు తెచ్చుకున్న ఆయన, 1970ల ఆరంభంలో మద్రాస్ యూత్ క్వయర్‌ను స్థాపించి, పలు భారతీయ భాషల గీతాలను బహుస్వరాలలో పాడించారు. సంగీతమే జీవనోపాధి కానివారితో, చివరికి వేల సంఖ్యలో బడిపిల్లలతో కూడా ఆయన ఈ పని చేయించగలిగారు. 1988లో లక్షద్వీప్‌లో ఆయన కన్నుమూసిన తరువాత కూడా ఆ బృందం కొనసాగింది. ఆయన విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాకపోయినా, ఈ దేశంలో వృందగాన బోధన ఎలా ఉండాలో విశ్వవిద్యాలయాలు ఆయన నుంచే నేర్చుకోవలసి ఉంటుందనడం అతిశయోక్తి కాదు.

బోధనలో మొదట ఎదురయ్యే చిక్కు శ్రుతి. కర్ణాటక సంగీత సాధనలో పురుషులు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలోనూ, స్త్రీలు అయిదు, అయిదున్నర శ్రుతిలోనూ పాడుతారు కనుక, అమ్మాయిలు, అబ్బాయిలు కలిసిన కళాశాల బృందాలలో మధ్యస్థంగా మూడో శ్రుతి పెట్టి ఇరువురినీ ఇబ్బంది పెట్టడం పరిపాటి. పాశ్చాత్య పద్ధతి ఈ తేడానే వనరుగా మలుచుకుని, స్త్రీలలో పై గొంతును సొప్రానో, కింది గొంతును ఆల్టో, పురుషులలో పై గొంతును టెనర్, కింది గొంతును బేస్ అని విభజించి, ఎవరికి అనువైన స్థాయిలో వారికి వరుస సమకూరుస్తుంది.

స్వరలిపి చదవడం రానివారికి ఈ విభజనను చెవి ద్వారానే నేర్పవచ్చు. హంసధ్వని రాగాన్ని తీసుకుని, బృందాన్ని మూడు పాయలు చేసి, ఒక పాయ షడ్జమాన్ని, రెండవది గాంధారాన్ని, మూడవది పంచమాన్ని ఒకేసారి నిలిపి పాడితే నిండైన స్వరసమూహం ఏర్పడుతుంది. తరువాత మొదటి పాయ షడ్జమం నుంచి మంద్ర నిషాదానికి, రెండవది గాంధారం నుంచి రిషభానికి దిగి, మూడవది పంచమం మీదే నిలిచిపోతే, ప-ని-రి అనే మరొక స్వరసమూహం పుడుతుంది. సరళీస్వరాలు వచ్చిన పిల్లలు ఈ రెండు అడుగులను ఒక్క సాయంత్రంలో పట్టుకోగలరు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: నిషాదాన్ని అలవాటు కొద్దీ గమకంతో ఊపితే పొత్తు చెదిరిపోతుంది కనుక, ఆ స్వరాన్ని తిన్నగా, కదలకుండా పట్టడం విడిగా సాధన చేయించాలి. ఒక పాయకు పాఠం చెబుతున్నంతసేపూ మిగిలినవారిని కబుర్లకు వదిలేయక, పెదవులు మూసి షడ్జమాన్ని పట్టి ఉంచమనడం మంచి శిక్షకుడి లక్షణం. గమకమే ప్రాణమైన త్యాగరాజ కృతిని ఇలా పాయలుగా విడదీయడం అభిరుచికి భంగమే. లలిత గీతాలకు, దేశభక్తి గీతాలకు, జానపదాలకు మాత్రం ఈ పద్ధతి చక్కగా ఒప్పుతుంది.

అమెరికాలో వృందగాన నిర్వహణకు ప్రమాణంగా నిలిచిన రాబర్ట్ షా (1916–1999) పాటను మాటలతో మొదలుపెట్టనిచ్చేవారు కాదు. గాయకులు ముందు తమ వరుసను అంకెలతో, తాళంలోని లెక్క ప్రకారం పాడి, లయ, స్థాయి స్థిరపడిన తరువాతే సాహిత్యంలోకి వెళ్లేవారు. గీతం నేర్పేటప్పుడు ముందు స్వరం, ఆపైన సాహిత్యం చెప్పే గురువుల వద్ద చదివిన తెలుగు విద్యార్థికి ఇది కొత్తేమీ కాదు. అతడు కొత్తగా నేర్చుకోవలసింది చేతి భాష: తాళం వేసే చెయ్యి లెక్కను మాత్రమే చూపుతుంది, నిర్దేశకుడి చెయ్యి దానితోపాటు ఎక్కడ ఊపిరి తీయాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఏ పాయ ఎప్పుడు ప్రవేశించాలో ముందుగానే సూచిస్తుంది. ఎత్తుగడకు ముందు చెయ్యి పైకి లేచే ఆ అర క్షణంలోనే బృందం ఊపిరి అందుకుంటుంది.

చదువు విషయానికి వస్తే, మేడ్చల్ నుంచి 2023లో మొదలైన ఎంఎంటీఎస్ రైలులో సికింద్రాబాద్ చేరే విద్యార్థికి అక్కడి శ్రీ భక్త రామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల అందుబాటులో ఉంది. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపై రెండేళ్ల డిప్లొమా కోర్సులు నడుస్తాయి. 1985లో ఏర్పడి, ఇటీవల సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయం మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని బాచుపల్లిలోనే ఉండి, సంగీతంలో పీజీ చదువు అందిస్తోంది. పాశ్చాత్య స్వరలిపి కోసం ట్రినిటీ కాలేజ్ లండన్ వంటి సంస్థల గ్రేడ్ పరీక్షలను వీటికి జోడించుకోవాలి. రెండింటిలో ఒకటే ఉన్నవారు ఈ వృత్తిలో కుంటినడక నడుస్తారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల మీద రాగ తాళాలు అచ్చువేసి ఉంటాయి కనుక, ఆ కీర్తనలు పాడే చర్చి క్వయర్ ఏ మతం విద్యార్థికైనా రెండు సంప్రదాయాలూ కలిసే చోటును చూపుతుంది.

శామీర్‌పేట పరిసరాల్లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోనూ, బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణంలోనూ సంగీత డిగ్రీ లేదు, కానీ దేశం నలుమూలల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే విద్యార్థులున్నారు. రాత్రి భోజనం తరువాత అరగంట సాధనకు అంతకన్నా అనువైన చోటు దొరకదు. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహించే యువజనోత్సవాలలో బృందగానానికి భారతీయ, పాశ్చాత్య విభాగాలు రెండూ ఉండటం వల్ల, అటువంటి బృందానికి వేదిక కొరత కూడా ఉండదు.

ఉద్యోగాలలో ముందుగా చూడవలసినవి పాఠశాలలే. కేంద్రీయ విద్యాలయాలలో ప్రైమరీ టీచర్ (మ్యూజిక్) పోస్టుకు ఇంటర్‌తోపాటు సంగీతంలో డిగ్రీ అవసరం. తెలంగాణ గురుకులాల నియామకాలలోనూ మ్యూజిక్ టీచర్ పోస్టులు ప్రకటించారు. ఉదయపు ప్రార్థనలో రోజూ వందలాది పిల్లలను పాడించే ఉపాధ్యాయుడికి కలిగే అనుభవం ఏ డిప్లొమాలోనూ రాదు. విశ్వవిద్యాలయ అధ్యాపకత్వానికి పీజీలో 55 శాతం మార్కులు, సంగీతంలో నెట్ లేదా పీహెచ్‌డీ కావాలి. వృందగాన నిర్వహణలోనే ఉన్నత చదువు కోరేవారు అమెరికాలో మాస్టర్స్‌కు, ఆపైన ప్రదర్శన ప్రధానమైన డాక్టర్ ఆఫ్ మ్యూజికల్ ఆర్ట్స్ పట్టాకు వెళ్తారు. అక్కడి విద్యాలయాలు ప్రవేశానికి ముందు సాధారణంగా వీడియో అడుగుతాయి. అందులో ప్రేక్షకుల వైపు నుంచి కనిపించే వీపు పనికిరాదు, గాయకుల వైపు నుంచి తీసిన, అభ్యర్థి ముఖం, చేతులు స్పష్టంగా కనిపించే చిత్రం కావాలి, కచేరీతోపాటు సాధన చేయించే దృశ్యాన్నీ చాలాచోట్ల కోరుతారు. కాబట్టి దరఖాస్తు చేసే ఏడాదికి ముందే హాస్టల్‌లోనో, చర్చిలోనో, కాలనీ సంఘంలోనో పదిహేను ఇరవై మంది బృందం ఒకటి క్రమంగా సాధన చేస్తూ ఉండాలి.